రేకు మిగలాలి

నేను విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగు షెడ్డులో చేరింది 1980ల నడుమ. అప్పట్లో మా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ భాగం అంబాసిడర్లు. బందరు, అవనిగడ్డ వైపు తిరిగే టాక్సీలు. సముద్రపు ఉప్పుగాలికి వాటి రన్నింగు బోర్డులు, మడ్‌గార్డు అంచులు, డోర్ల అడుగు భాగాలు లోపలినుంచి తుప్పు పట్టేవి. పైన మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉండేది. మా మేస్త్రి గారు సుత్తి సన్నటి కొసతో అక్కడక్కడ తట్టి వినేవారు. మంచి రేకు ఖంగుమనేది. తుప్పు తిన్న రేకు డొల్లగా పలికేది. విన్నాక సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడిదాకా కొయ్యరా అబ్బాయ్" అనేవారు. తుప్పు కంటికి కనిపించే చోటుకి ఆ గీత ఎప్పుడూ రెండంగుళాలు అవతల పడేది. బండి ఓనరు "అంత కొయ్యాలా మేస్త్రీ?" అని గొణిగినా ఆయన గీత జరిపేవారు కారు. అతుకు పట్టుకుని నిలబడటానికి అవతల గట్టి రేకు ఉండాలి కదా అనేవారు.

షెడ్డులో ఉన్నది గ్యాసు వెల్డింగు ఒక్కటే. ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక కార్బైడు డబ్బా. కార్బైడు రాళ్ళ మీద నీళ్ళు పడగానే ఎసిటిలీన్ పుట్టేది, షెడ్డంతా వెల్లుల్లి వాసన కొట్టేది. పూసకు, అంటే అతుకులో కరిగి నిలిచే ఇనప వరసకు, వాడేది రాగిపూత ఉన్న సన్నటి ఇనప రాడ్డు, 1.6 మిల్లీమీటర్లది. మంట మధ్యలో తెల్లటి మొన కొస గుండ్రంగా, స్పష్టంగా నిలిచేదాకా మేస్త్రి గారు నాబు తిప్పుతూనే ఉండేవారు. ఆక్సిజన్ ఎక్కువైతే రేకు నురగ కట్టి కాలిపోతుంది. ఎసిటిలీన్ ఎక్కువైతే అతుకులోకి కార్బన్ చేరి పెళుసెక్కుతుంది.

ఒక అంగుళం కరిగించడం, మంట పక్కకు తీయడం, వెనక డాలీ అనే ఇనప దిమ్మ ఒత్తి పట్టి వేడి మీదే సుత్తితో మెల్లగా సాగగొట్టడం. మళ్ళీ ఇంకో అంగుళం. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ చుట్టూ ఉన్న రేకునంతా తనవైపు లాగుతుంది. ప్యానెల్ మీద ఎత్తుపల్లాలు తేలేది ఆ లాగుడికే. సుత్తి దెబ్బ ఆ ముడుతను తిరిగి సాగదీస్తుంది. ఇదంతా మేస్త్రి గారు వివరించి చెప్పలేదు. నా అరచెయ్యి తీసుకుని అతుకు మీద అటూ ఇటూ రాయించి, "కళ్ళు మూసుకో. ఇప్పుడు చూడు" అన్నారు. ఆయన పని అయ్యాక గ్రైండరుకు మిగిలేది చాలా తక్కువ. ఆకురాయి కాసేపు ఆడిస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

చుట్టుపక్కల చాలా షెడ్లలో ఇత్తడి పోసేవాళ్ళు. వెలిగారం అద్దిన ఇత్తడి రాడ్డు తక్కువ వేడికే కరుగుతుంది, రేకు వంకర పోదు, పని గబగబా తెమిలిపోతుంది. మేస్త్రి గారికి అది ఇష్టం ఉండేది కాదు. వెలిగారం గాజులా గట్టిపడి మూలల్లో ఉండిపోతుంది. దాన్ని పూర్తిగా గీకి తీయకుండా లప్పం పెడితే కొన్నాళ్ళకి రంగు బుడగలు లేస్తుంది. పైగా ఒకసారి ఇత్తడి పోసిన చోట మళ్ళీ ఇనుముతో అతకడం కుదరదు. పూసంతా చిల్లులు పడుతుంది. గుడివాడ నుంచి వచ్చిన ఒక ఫియట్ వెనక భాగాన్ని, పాత ఇత్తడి ఎంతవరకు పాకిందో చూసుకుంటూ, జానెడు వెడల్పున కోసి పారెయ్యాల్సి రావడం నేను పక్కనే ఉండి చూశాను. అసలు తుప్పు అందులో నాలుగోవంతు కూడా లేదు.

1990ల మొదట్లో షెడ్డు ఓనరు గారు సీఓటూ మిషను, అంటే తీగను నెడుతూ సీఓటూ గ్యాసు చాటున ఆర్క్‌తో అతికే మిషను, కొన్నారు. ట్రైలర్లు కట్టే ఒక షెడ్డులో వాడి వదిలేసిన పెద్ద మిషను. దానితోపాటే సగం వాడిన వైరు చుట్ట కూడా వచ్చింది, 1.2 మిల్లీమీటర్ల తీగ. నడపడం మాకెవరికీ రాదు కనుక ట్రైలర్ల పనిలో చెయ్యి తిరిగిన వెల్డరు ఒకాయన్ని పిలిపించారు. ముందు పడింది ఒక మారుతి 800 మడ్‌గార్డు.

ఆ రోజు జరిగింది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మారుతి రేకు మిల్లీమీటరు కూడా ఉండదు. 1.2 తీగ నిలకడగా కరగాలంటే కావాల్సిన కరెంటు ఆ రేకు తట్టుకోలేదు. ట్రిగ్గరు నొక్కగానే రూపాయి బిళ్ళంత బొక్క పడింది. ఆయన మంచి పనివాడే. కంగారు పడకుండా బొక్క అంచుల్ని కొద్దికొద్దిగా నింపుకుంటూ వచ్చి మూసేశాడు. పక్కన ఇంకోటి పడింది, దాన్నీ మూశాడు. చివరికి అతుకు పొడవునా ఇనప గడ్డలు లేచాయి. వాటి మీద గ్రైండరు పెట్టారు. చాలాసేపు నిప్పురవ్వలు ఎగిశాయి, రేకు పసుపెక్కి, తర్వాత నీలంగా మారింది. ఇనుము నీలం తిరిగిందంటే ఇంచుమించు 300 డిగ్రీలు దాటినట్టు. ఆఖరికి చూడటానికి నున్నగానే తయారైంది.

రంగుల పని సాయిబు గారు చేసేవారు. లప్పం కలుపుకునే ముందు ఆయన బొటనవేలితో ఆ చోట ఒత్తారు. రేకు లోపలికి పోయి టప్పున బయటికి వచ్చింది. ఇంకోచోట ఒత్తారు. అక్కడా అంతే. "ఇందులో రేకెక్కడుంది మేస్త్రీ?" అన్నారు. మేస్త్రి గారు జవాబు చెప్పలేదు. ఆ మడ్‌గార్డు విప్పి పక్కన పడేసి, కొత్తది తెప్పించి, బోల్టులు బిగించి బండి పంపించారు.

గడ్డలు ఎత్తుగా ఉన్నాయి, పక్కన రేకు పలచగా ఉంది. గ్రైండరు రాయి గడ్డను తినే లోపల అటూ ఇటూ ఉన్న రేకును కూడా తినేసింది. టింకరింగులో చెడిపోయే అతుకుల్లో ఎక్కువ భాగం వెల్డింగు దగ్గర చెడవు, గ్రైండింగు దగ్గర చెడతాయి అని నేను ఆ రోజునుంచి నమ్ముతున్నాను. గ్రైండింగుకు ఎంత పని మిగలాలన్నది మిషనుకి ఎక్కించే తీగ దగ్గరే తేలిపోతుంది.

మర్నాడు మేస్త్రి గారు, నేను వెల్డింగు సామాన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన 0.8 మిల్లీమీటర్ల చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టె మీద ఈఆర్70ఎస్-6 అని ఉంది. మేస్త్రి గారికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ అంకెల సంగతి తేల్చుకోకుండా డబ్బు తీయలేదు. కొట్టాయన ఓపిగ్గా చెప్పాడు. 70 అంటే చదరపు అంగుళానికి 70 వేల పౌండ్ల లాగుడుకు తట్టుకునే పూస. ఎస్ అంటే లోపల మందు (ఫ్లక్సు) లేని నిండు తీగ. చివరి 6 తీగలో కలిపిన వాటిని చెబుతుంది. మాంగనీసు, సిలికాను ఎక్కువ. రేకు మీద కొద్దిగా తుప్పు, నూనె ఉన్నా ఆ రెండూ మురికిని పైకి నెట్టేస్తాయి. "పాత బండ్లకు ఇదే వాడతారండీ" అన్నాడు. మేస్త్రి గారు తీగ కొస లాగి వేళ్ళ మధ్య నలిపి చూశారు. రాగిపూత వేలికి అంటకుండా ఉందో లేదో చూసుకుని చుట్ట భుజాన వేసుకున్నారు. పూత ఊడే తీగైతే ఆ పొడి టార్చి లోపలి గొట్టంలో పేరుకుపోయి తీగ ఆగి ఆగి వస్తుంది.

తీగ సన్నగిలితే మిగతావన్నీ మారాలి. టార్చి కొసన టిప్పు, తీగను నెట్టే రోలరు గాడి, రోలరు బిగింపు. 0.8 వేశాక కరెంటు బాగా తగ్గించినా ఆర్క్ నిలబడింది. మిషను సరిగ్గా కుదిరిందా లేదా అన్నది మేమిద్దరం చెవితోనే నేర్చుకున్నాం. రేకుల కప్పు మీద చినుకులు ఒకే వేగంతో పడుతున్నట్టు చప్పుడు రావాలి. అది తెగి తెగి వస్తే తీగ వేగం, ఓల్టేజీ పొసగలేదన్నమాట. గ్యాసు నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు చాలు. పంకా తిరుగుతుంటే ఎంత గ్యాసు వదిలినా గాలికి కొట్టుకుపోయి పూస తేనెపట్టులా చిల్లులు తేలుతుంది. మే నెలలో కూడా పంకా ఆపి పనిచేశాం. మేం చెమటతో తడిసిపోతుంటే, వాడుతున్నకొద్దీ సీఓటూ చల్లబడి సిలిండరు దగ్గర రెగ్యులేటరు మంచు కట్టేది. దానికి కరెంటు హీటరు తగిలిస్తే తప్ప గ్యాసు సరిగ్గా వచ్చేది కాదు.

గీత లాగినట్టు పొడుగ్గా పూస వెయ్యడం కారు రేకు మీద కుదరదు. ఒక చోట టాకా, అంటే చుక్కంత అతుకు, జానెడు దూరంలో ఇంకో టాకా, మళ్ళీ వెనక్కి వచ్చి వాటి మధ్యలో ఒకటి. చెయ్యి వెనకవైపు పెట్టి చూసి, వేడి తగ్గాకే పక్కది. టాకాలన్నీ ఒకదాన్నొకటి కలుసుకునేసరికి మడ్‌గార్డు అతుక్కి పూటంతా పట్టేది. తడిగుడ్డ వేసి చల్లార్చేవాళ్ళు ఉన్నారు. నేను వెయ్యను. అసలే చల్లని రేకు మధ్య పడి పూస గబుక్కున గట్టిపడుతుంది, నీళ్ళు తగిలితే ఇంకా బిరుసెక్కుతుంది.

ఆ బిరుసుతనమే సీఓటూ అతుకు పెట్టే కష్టం. ఒకసారి మేస్త్రి గారు గ్యాసుతో వేసిన ముక్క, సీఓటూతో వేసిన ముక్క పక్కపక్కన బల్లకు బిగించి నాకు ఆకురాయి ఇచ్చారు. గ్యాసు పూస మీద ఆకురాయి పళ్ళు పట్టి రజను రాలింది. రెండో దాని మీద జారిపోయింది. మంట మెల్లగా కాచి, మెల్లగా చల్లార్చిన ఇనుము మెత్తన. ఆర్క్ కింద క్షణంలో కరిగి క్షణంలో గడ్డకట్టిన ఇనుము గట్టి. పైగా తీగలోని మాంగనీసు, సిలికాను దాన్ని ఇంకా గట్టిచేస్తాయి. ఆ గడ్డ మీద సుత్తి వేస్తే గడ్డ సాగదు, పక్కనున్న మెత్తని రేకు సాగుతుంది, అంచున పగులు వస్తుంది. కాబట్టి వరస మార్చుకున్నాం. ముందు పూసను రెండు వైపులా పలచగా అరగదీసి, రేకు కంటే వెంట్రుకవాసి ఎత్తు ఉండగా ఆపి, అప్పుడు డాలీ పట్టి చిన్న సుత్తితో తట్టడం.

అరగదీయడానికి కూడా పద్ధతి ఉంది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి పది వేల చుట్లు పైనే తిరుగుతుంది. రాయిని పడుకోబెట్టి రుద్దితే పూసతోపాటు పక్క రేకు పోతుంది. రాయి అంచును నిలబెట్టి, పూస వెంబడి మాత్రమే, రేకును తాకకుండా నడపాలి. రెండు మూడు అంగుళాలకొకసారి ఆగి చెయ్యి పెట్టి వేడి చూడాలి. పూస రేకును అందుకోబోతుండగా రాయి తీసేసి 80 నంబరు ఫ్లాప్ డిస్కు, చివరికి ఆకురాయి. ఆకురాయి వేగంగా తినదు, ఎత్తు ఎక్కడుందో మాత్రం కచ్చితంగా చూపిస్తుంది. మెరిసిన చోట ఎత్తు, నల్లగా మిగిలిన చోట పల్లం. పల్లాన్ని వెనకనుంచి తట్టి లేపాలి తప్ప ఎత్తునంతా దానితో సమానం అయ్యేదాకా అరగదీయకూడదు. చాలామంది కుర్రాళ్ళు చేసేది ఈ రెండోదే.

6 నంబరు తీగలో ఎక్కువున్న సిలికాను వల్ల పూస మీద గోధుమరంగు గాజు మచ్చలు తేలుతాయి. గ్రైండరు పెట్టని మూలల్లో అవి అలాగే ఉండిపోతాయి. వాటి మీద ప్రైమరు పట్టినట్టే కనిపిస్తుంది గానీ తర్వాత పెచ్చులుగా లేస్తుంది. సాయిబు గారు స్క్రూడ్రైవరు కొసతో ఒక్కొక్కదాన్నీ ఊడగొట్టాకే రెడాక్సైడ్ కొట్టేవారు.

ఆయన పెట్టిన ఇంకో నియమం దీపం పరీక్ష. చీకటి పడ్డాక షెడ్డు లైట్లు ఆపి, అతుకు వెనక వందవాట్ల బల్బు పట్టుకుని నన్ను నిలబెట్టేవారు. తాను ముందు కూర్చుని అతుకు పొడవునా చూసేవారు. టాకాకి టాకాకి మధ్య సూది మొనంత చిల్లు ఉన్నా వెలుగు చుక్కలా కనపడేది. ప్రతి చుక్క దగ్గరా సుద్దముక్కతో గుండ్రం చుట్టేవారు. పగలు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. "ఇక్కణ్ణుంచి నీళ్ళెళ్ళి నా లప్పం కిందకి చేరతాయి. బుడగొస్తే కస్టమరు తిట్టేది రంగు వేసినోణ్ణే" అనేవారు. పాలిస్టర్ లప్పం నీటిని పీల్చుకుంటుంది. వెనకనుంచి చెమ్మ తగిలితే లప్పం పైకి గట్టిగానే ఉంటుంది, కింద రేకు ఎర్రబడుతూ పోతుంది. గుండ్రాలు గీసిన చోటల్లా మర్నాడు పొద్దున్నే ఒక్కొక్క టాకా వేసి, అరగదీసి, రాత్రికి మళ్ళీ బల్బు.

కొన్నేళ్ళకి పాత ఫియట్ ఒకటి మొత్తం కొత్తగా చేయించుకోవడానికి వచ్చింది. ఓనరు డాక్టరు గారు. వాళ్ళబ్బాయి అమెరికా నుంచి వస్తూ చిన్న తీగ చుట్ట తెచ్చిచ్చాడు. 0.6 తీగ, కారు బాడీ పనికోసమే అరగదీయడానికి తేలికగా ఉండేలా చేసింది. దానికి సరిపడే టిప్పు, రోలరు కోసం బజారంతా తిరిగాం. ముప్పై ఆంపియర్ల దగ్గర కూడా అది బొక్క కొట్టకుండా కరిగింది. పూస చిన్నది, చదునుగా పరుచుకుంది, ఆకురాయి కొంచెం పట్టింది. మెత్తని తీగ కావడంవల్లే ఇదంతా అని మా వాళ్ళు మురిసిపోయారు. తర్వాత మామూలు 6 నంబరు తీగే 0.6 సైజులో దొరికినప్పుడు వేసి చూశాను. లాభంలో ఎక్కువ పాలు తీగ సన్నదనం వల్ల వచ్చిందేనని నాకు తేలింది. పూస చిన్నదైతే అరగదీయాల్సింది తక్కువ, రేకుకి తగిలే వేడి తక్కువ. మెత్తదనం దొరికితే మంచిదే. దొరకనప్పుడు సన్నతీగ ఉన్నా పని జరుగుతుంది.

గ్యాసు అక్కర్లేని మందుతీగ మిషన్లు ఈమధ్య చవగ్గా వస్తున్నాయి. మా పక్క వీధి కుర్రాడు ఒకటి తెప్పించుకుని డోరు స్కిన్ మీద ప్రయత్నించాడు. చిటపట చుక్కలు అద్దం నిండా అంటుకున్నాయి. పూస మీద చిట్టెం కట్టింది, కింద బొక్కలు. గేట్లు, గ్రిల్లులు, ట్రాలీలు ఆరుబయట గాలిలో అతకడానికి అది బాగా పనికొస్తుంది. కారు రేకు దానికి ఇవ్వకూడదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు కాలనీలు మునిగాక నెలల తరబడి ఆ బండ్లే వచ్చాయి. సీట్లు తీసి, కార్పెట్టు ఎత్తి, రన్నింగు బోర్డు కోసి చూస్తే లోపల ఎండిన బురద. అంతకుముందు ఎవరెవరు ఎక్కడెక్కడ అతికారో అన్నీ బయటపడ్డాయి. పాత రేకు మీద కొత్త ముక్క పెట్టి చుట్టూ పూస వేసిన చోటల్లా రెండు రేకుల సందున నీళ్ళు నిలిచి ఉబ్బిపోయాయి. అంచుకి అంచు కలిపి అతికి, వెనకవైపు కూడా ప్రైమరు, మైనం కొట్టిన చోట బురద కడిగేస్తే బూడిదరంగు అలాగే ఉంది. ఒక తెల్ల కారులో రెండు రకాలూ ఉన్నాయి. ఎడమవైపు ఒకరు చేశారు, కుడివైపు ఇంకొకరు. మా షెడ్డు కుర్రాళ్ళందరినీ పిలిచి ఆ రెండు వైపులూ వేళ్ళతో తడిమించాను.

ఇప్పటి చాలా కార్ల రేకుకి జింకు పూత ఉంటుంది. ఇనుము కరగక ముందే, 907 డిగ్రీలకే జింకు మరిగి తెల్లని పొగై లేస్తుంది. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి వణుకుతో జ్వరం. పాలు తాగితే పోతుందని షెడ్లలో అంటారు గానీ దాన్ని నమ్ముకోకూడదు. అతుకు అంచుల్లో పూత గీకేసి, మాస్కు కట్టుకుని, తలుపులు బార్లా తెరిచి పనిచెయ్యమని నేను చెబుతాను. డోర్ల మధ్య స్తంభాల్లో వాడే బోరాన్ స్టీలు సంగతి ఇంకా వేరు. దాని బలమంతా వేడి చేసి అచ్చు వేసి ఒక్కసారిగా చల్లార్చడంలో వచ్చింది. మన ఆర్క్ తగిలితే ఆ చోట మెత్తబడిపోతుంది. యాక్సిడెంటులో మనిషిని కాపాడాల్సిన చోటు అది. కంపెనీ మాన్యువల్లో కొయ్యమన్న గీత దగ్గరే కోసి, చెప్పిన పద్ధతిలోనే కలపాలి. ఆ మాన్యువల్ చేతిలో లేకపోతే అలాంటి బండి పని నేను ఒప్పుకోను.

ఆ పద్ధతుల్లో ఒకటి సిలికాన్ బ్రాంజ్ తీగ. రాగిలో మూడు శాతం సిలికాను, గ్యాసు ఆర్గాన్. రేకు కరగకుండా తీగ మాత్రమే కరిగి రెండు అంచుల మధ్యకి పారుతుంది, జింకు పూత చాలావరకు మిగులుతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు, ఇత్తడి అంటేనే ముఖం చిట్లించే మా మేస్త్రి గారు ఉంటే ఏమనేవారా అని చాలాసేపు ఆలోచించాను. వెలిగారం లేదు కనుక ఆయన పేచీల్లో ఒకటి తీరినట్టే. రెండోది తీరలేదు. ఈ తీగ వేసిన చోట మళ్ళీ ఇనప తీగ వేయడానికి లేదు. అందుకే అతికిన ప్రతి చోటూ బండి జాబు కార్డులో రాయిస్తున్నాను. కనిపించని చోట ఆ పూసను అరగదీయకుండా వదిలేస్తాం, బలం అందులోనే ఉంది కాబట్టి. పైకి కనిపించే చోట గ్రైండరు రాయి పెట్టనివ్వను. మెత్తని లోహం రాయి పళ్ళలో నిండిపోయి రేకును వేడెక్కిస్తుంది. సన్న బెల్టు సాండరు, ఆ తర్వాత ఆకురాయి.